టోపీ లోపలి మెరుపు

మార్చి 3

ఒరేయ్ తమ్ముడూ,

మీ అక్క రాస్తోంది. ఫోన్లో నువ్వు అరిచి అరిచి గొంతు పోగొట్టుకోవడం, ఇవతల నేను వినబడని మాటలన్నిటికీ ‘ఆఁ, ఆఁ’ అనడం, ఆ తంతు మానేసి ఉత్తరాల్లోకి దిగాక నాకు ప్రాణం హాయిగా ఉంది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది కూడా దాని ఇష్టం వచ్చిన రోజునే పలుకుతుంది.

దీంతోపాటు పార్శిల్లో ఒక టోపీ పంపుతున్నాను. నవ్వకు. చదివాక నవ్వు.

నేను డాక్టర్ల కోట్లు కుట్టిచ్చే ఆసుపత్రిలో గోడకి ఒక కాగితం అంటించారు. ఎండలో కంటికి కనబడని కిరణాలుంటాయట. వేడి వేరు, అవి వేరు. చల్లగా ఉన్న రోజునా, మబ్బు పట్టిన రోజునా అవి దిగుతూనే ఉంటాయట. నీ నీడ నీకంటే పొట్టిగా ఉందంటే ఆ వేళ ఎండ చర్మాన్ని తినే ఎండ అన్నమాట. నీడ పొడుగ్గా సాగాక బయటికి రమ్మని రాశారు. అది చదువుతుంటే నువ్వే కళ్లముందు మెదిలావు. ఇరవై రెండేళ్లుగా కప్పులమీద రేకులు బిగించేవాడివి. నీ నీడ ఎప్పుడు పొడుగ్గా ఉందని?

నాన్న గుర్తున్నాడుగా. పట్టాల వెంబడి నడుస్తూ బోల్టులు బిగించే ఉద్యోగం. తలకి తువ్వాలు చుట్టేవాడు, చెవులు మాత్రం బయటే ఉండేవి. చెవి అంచున లేచిన పుండుని కళ్లద్దాల తీగ గీసుకుందని ఏడాదిన్నర అందరం నమ్మాం. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి మెడలో గడ్డలు. నువ్వప్పుడు పదో తరగతి. నీకు సగమే తెలుసు, ఆ మిగతా సగం నీకు తెలియకుండా నేనే చూసుకున్నాను.

టోపీకి వేసింది మందపాటి ముదురు నీలం గుడ్డ. బల్బుకి ఎదురుగా పట్టి చూశాను, చుక్క వెలుగు కూడా ఇవతలికి రాలేదు. అంచు ఆరు వేళ్ల వెడల్పు. అంచు అడుగున, కారు అద్దాలకి అడ్డం పెట్టే ఆ వెండి మెరుపు గుడ్డ వేశాను. ఎండని తిప్పికొట్టేది అదేగా! నిజానికి పైన వెయ్యాలి. కానీ పైన తళతళలాడితే మీ జట్టువాళ్లు ఏడిపిస్తారనీ, నువ్వు ఆ ఉక్రోషంతో టోపీని అటకెక్కిస్తావనీ నాకు తెలుసు. అందుకని ఎవరికీ కనబడకుండా లోపలివైపు కుట్టాను. మీ అక్క తెలివి ఎలా ఉంది?

నా పని ఎప్పటిలాగే. కిటికీ పక్క బల్ల, ఎడమ నుంచి వెలుతురు, సూది దిగే చోట చేతి నీడ పడదు. వచ్చినవాళ్లని కుడివైపు కూర్చోబెడతాను, ఆ చెవికే కాస్త వినబడుతుంది కాబట్టి. బడి బట్టల పని అప్పుడే మొదలైంది. మరదలికి నా మాటగా చెప్పు, జాకెట్టు కొలతలు పాతవే అయితే పంపక్కర్లేదని.

నీ ఒంటిచెవి అక్క


మార్చి 15

అక్కకి,

టోపీ అందింది. నవ్వలేదు. నేను నవ్వాల్సిన అవసరం లేకుండా జట్టువాళ్లే నవ్వారు. ఇప్పుడు నా పేరు ‘గొడుగు మేస్త్రి’. అయినా రోజూ పెట్టుకుంటున్నాను. అటక ఎక్కించలేదు, ఒట్టు.

ఒక పెద్ద గోదాముకి కప్పు వేస్తున్నాం. కొత్త అల్యూమినియం రేకులు. పొద్దున్న ఎనిమిదికే వాటివైపు చూడలేం. పదింటికి నీ నీడ లెక్క వేశాను. స్క్రూలు బిగించే మిషను పక్కన పెట్టి, రేకుమీద నిలబడి, నీడ తల దగ్గర చాక్‌తో గీత గీసి అడుగులు కొలిచాను. నాకంటే పొట్టే. పన్నెండింటికి నా నీడ నా చెప్పుల కిందకి వచ్చేసింది. ‘అయ్యా, మా అక్క ఇంటికి పొమ్మంటోంది’ అంటే గుత్తేదారు ఒప్పుకుంటాడా చెప్పు.

నేనూ తెలివైనవాణ్ణే. గంటకోసారి చొక్కా నీళ్లలో తడిపి వేసుకుంటున్నాను. పాత తెల్ల చొక్కా, పల్చగా హాయిగా ఉంటుంది. ఒంటికి ఎండే తెలియదు.

కింది పెదవి మాత్రం ఎండి పగిలింది. ఒక పక్క చిన్న పొక్కులా లేచింది, పెచ్చు ఊడి మళ్లీ కడుతోంది. ఏదో వేడి చేసింది. ఈ సంగతి మీ మరదలికి రాయకు. దానికి గోరంత చెబితే కొండంత చేస్తుంది.

తమ్ముడు


మార్చి 22

ఒరేయ్,

ఎన్నాళ్లయింది ఆ పొక్కు లేచి? ‘పెచ్చు ఊడి మళ్లీ కడుతోంది’ అని రెండు ముక్కల్లో రాసి పారేశావు. ఆ రెండు ముక్కలే తలలో తిరుగుతున్నాయి. నిన్న ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాను.

నాన్నకీ ఇలాగే. పెచ్చు కట్టేది, ఊడేది. ‘మానిపోతోందమ్మా’ అనేవాడు.

నిజం చెప్పు, మళ్లీ ఖైనీ మొదలుపెట్టావా? కింది పెదవి దగ్గరే కదా పెట్టుకునేవాడివి. పెళ్లికి ముందు నాకు ఒట్టేసి మానేశావు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టినట్టున్నావు. నాకు కోపం లేదు, డాక్టరుకి చూపించు చాలు.

చూపించేదాకా టోపీ తల మీంచి తీయకు. భోజనానికి కూర్చున్నా తీయకు. మబ్బు ఉందని తీయకు.

నా సంగతేమీ లేదు. పని వల్ల నడుము పట్టేసింది. ఇస్త్రీ పెట్టె ఆవిరి కొట్టిందో ఏమో, ఎడమ చెంప మీద గోధుమరంగు మరక ఒకటి పోనంటోంది. అంతే. పెదవి సంగతి వెంటనే రాయి.

అక్క


ఏప్రిల్ 5

అక్కకి,

నువ్వు చేసిన పనికి నాకు చాలా కోపంగా ఉంది. ఉత్తరం ఇంటికి పంపావు. నేను పనిలో ఉన్నాను. మీ మరదలు విప్పి చదివింది. సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే ‘ఏదీ, నోరు తెరువు’ అంది. మూడు రోజులు నా జేబులు వాసన చూసింది. నేను ఖైనీ మానేసి పంతొమ్మిదేళ్లు. నువ్వు నమ్మలేదు, నువ్వు నమ్మనందుకు అదీ నమ్మలేదు. పెదవి గురించి దాచినందుకు ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. ఇకమీదట రేకుల కొట్టు చిరునామాకి రాయి.

ఇంత కోపంలోనూ నీకే రాస్తున్నాను, ఎందుకంటే ఇంకెవరికి చెప్పాలో తెలియడం లేదు.

కిందటి వారం నాలుగు రోజులు గోదాము నడికప్పు మీద పని. నువ్వు చెప్పినట్టే టోపీ తియ్యలేదు. నాలుగో రోజు సాయంత్రం ఇంటికొచ్చి మొహం కడుక్కుంటే కళ్లల్లో గుప్పెడు ఇసుక పోసినట్టయింది. రెప్ప తెరవలేకపోయాను. నీళ్లు కారడం, మంట. కళ్లు పోయాయనుకున్నాను అక్కా. నాతో మాట్లాడనిది కూడా పక్కన కూర్చుని తడిగుడ్డ వేసింది. రెండో రోజుకి తగ్గింది.

అంతకంటే భయపెట్టింది ఇంకోటుంది. నుదురు బాగానే ఉంది. గడ్డం అడుగున, ముక్కు కింద, దవడ కింద కాలి పొర ఊడుతోంది. ఎండ పైనుంచి కదా వస్తుంది? టోపీ కింద, అదీ గడ్డం అడుగున ఎలా కాలుతుంది? చొక్కా కిందా భుజాలు కమిలిపోయాయి. ఎండ కాదిది. నాన్న రక్తంలో ఉన్నదే నా రక్తంలోనూ ఉంది. అది లోపలినుంచి బయటికొస్తోంది. అలాంటప్పుడు టోపీ ఎందుకు, డాక్టరు ఎందుకు? చెప్పేదేదో చెబుతాడు, ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. కప్పు పూర్తయ్యేదాకా ఎవరికీ చూపించను.

పెదవి మీద పొక్కు లేచి మూడు నెలలైంది. అడిగావుగా.

తమ్ముడు


ఏప్రిల్ 11

బంగారు తమ్ముడూ,

ఇది రేకుల కొట్టు చిరునామాకే రాస్తున్నాను. ఖైనీ మాట నాదే తప్పు. మరదలికి వేరే ఉత్తరం రాశాను, క్షమించమని. కానీ ఈ ఉత్తరంలో చెప్పబోయేది అంతకంటే పెద్ద తప్పు. చదివాక నన్ను ఏమన్నా అను.

నీ ఉత్తరం పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. కోట్లు ఇవ్వడానికి వచ్చాననుకున్నారు. చర్మం డాక్టరమ్మ గదిలో నా కుడి చెవి ఆవిడవైపు వచ్చేలా కుర్చీ లాక్కుని, నువ్వు రాసింది మొత్తం చదివి వినిపించాను. ఆవిడ అడ్డు తగలకుండా విని, ‘ఏం రేకులు?’ అంది. అల్యూమినియం అన్నాను. ‘టోపీ అంచు అడుగున ఏముంది?’ అంది.

‘మెరుపు గుడ్డ’ అని నేనే చెప్పాను.

రేకుల మీద పడ్డ ఎండ నేల మీద ఎండలా ఇంకిపోదట. చాలా భాగం పైకి లేస్తుందట. అది నీ గడ్డానికీ, ముక్కు కిందికీ, కళ్లకీ తగులుతుంది. పైకి లేచిన మిగతాది నీ టోపీ అడుగుకి తగులుతుంది. అక్కడ నల్లటి గుడ్డ ఉంటే మింగేసేది. నేను వేసింది మెరుపు గుడ్డ. అది మళ్లీ నీ మొహం మీదికే కొట్టింది. ఎండని తిప్పికొడుతుందని మురిసిపోయాను, ఎవరి మీదికి కొడుతుందో ఆలోచించలేదు. నలభై ఏళ్లు గుడ్డలు కోసినదాన్ని. నీ తల మీంచి తీయొద్దని ఒట్లు పెట్టి మరీ కాల్చాను.

ముందైతే ‘నీ మొహం మండా’ అని ఎన్నిసార్లు తిట్టేదాన్నో. ఇకమీద ఆ మాట జన్మలో అనను.

పొక్కు టోపీ వల్ల లేచింది కాదట, అది ఇరవై ఏళ్ల ఎండట. ‘మీ టోపీ నెల రోజుల పాపం, అంతే’ అంది డాక్టరమ్మ. నన్ను ఊరుకోబెట్టడానికే అందేమో. రక్తం మాట కూడా అడిగాను. నాన్నదీ నీదీ రక్తం ఒకటే కావచ్చు గానీ, ఎండలో ఉద్యోగం కూడా ఒకటేగా అంది. లోపలినుంచి రావడం ఏమీ లేదట. బయటినుంచి వచ్చేదాన్ని ఆపొచ్చట.

తడి చొక్కా మానెయ్. పల్చటి తెల్లగుడ్డ తడిస్తే కిరణాలకి దారి ఇంకా సులువట. నేను బల్బు ముందు పట్టి చూశాను, తడిపిన గుడ్డలోంచి నా వేళ్లు లెక్కపెట్టొచ్చు. రంగుది, మందంది, పొడిది, చేతులు నిండా ఉన్నది వేసుకో. పక్కలు మూసిన నల్లకళ్లజోడు పెట్టుకో. మెడా గడ్డమూ కప్పే గుడ్డ కుట్టాను, ఇందులో పెట్టాను. పెదవికీ మొహానికీ పూసే మందు పేరు చీటీ మీద ఉంది, రెండు గంటలకోసారి పూయాలి. నడిమధ్యాహ్నం కప్పు దిగండి. పొద్దున్నే ఎక్కండి, సాయంత్రం మళ్లీ ఎక్కండి. గుత్తేదారు కళ్లు కూడా కళ్లేనని చెప్పు.

నల్లగుడ్డ ముక్క కూడా ఉంది. టోపీ అడుగు కుట్టు విప్పి ఆ వెండి పీలిక తీసేసి ఇది వెయ్యమని మరదలికి చెప్పు.

మూడు వారాల్లో మానని పుండుని ఎవరైనా డాక్టరుకి చూపించాల్సిందేనట. నీది మూడు నెలలు. నీ కాళ్లు పట్టుకుంటాను, వెళ్లరా.

అక్క


ఏప్రిల్ 24

అక్కా,

వెళ్లాను. మీ మరదలే తీసుకెళ్లింది. నీ ఉత్తరం దానికి నేనే చదివి వినిపించాను. టోపీ దగ్గరికి వచ్చేసరికి ఉత్తరం దాని చేతికిచ్చేశాను, మిగతాది అదే చదువుకుంది. నిన్నేమీ అనలేదు. ‘వదిన ఎంత కుమిలిపోతోందో’ అని ఆ సాయంత్రమే కుట్టు విప్పింది.

నాకు నీ మీద కోపం లేదు. నువ్వు మెరుపు లోపల దాచింది ఎందుకో నాకు తెలుసు. నవ్వుతారేమోనని నేను భయపడే మనిషినని నీకంటే ఎవరికి తెలుసు. పైన కుట్టి ఉంటే నేను నిజంగానే పెట్టుకునేవాణ్ణి కాదు.

పెదవి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. పది పన్నెండు రోజులు పడుతుందట. ‘ఏమై ఉంటుంది సార్’ అంటే ఇక్కడి డాక్టరు ‘ఇప్పుడు ఊహించడం ఎందుకు’ అన్నాడు. ఆ మాట అనేటప్పుడు నా వైపు కాకుండా చేతులు కడుక్కునే చోటు వైపు చూశాడు. నాకు చాలా భయంగా ఉంది. ఎత్తులో నడిచేటప్పుడు ఎప్పుడూ లేని వణుకు ఇప్పుడు నేలమీద వస్తోంది.

ఇప్పుడు నీ సంగతి. ఆయన నన్ను తల నుంచి కాలి దాకా చూసి, ఇంట్లో ఇంకెవరికైనా మచ్చలున్నాయా అని అడిగాడు. లేవన్నాను. పక్కనుంచి మీ మరదలు, ‘వదిన చెంప మీద ఏదో ఉందని రాసింది కదా’ అంది. నేను మర్చిపోయాను అక్కా. నా గోలలో ఆ ముక్క అసలు కళ్లకే ఆనలేదు. ఇస్త్రీ ఆవిరి అని చెప్పాను. ‘ఆవిడ ఎక్కడ కూర్చుని పనిచేస్తారు?’ అన్నాడు. కిటికీ పక్కన, ఎడమనుంచి వెలుతురు అన్నాను. ఆయన కలం పక్కన పెట్టాడు.

అద్దం కొన్ని కిరణాలని ఆపుతుందట, అన్నిటినీ ఆపదట. ఏళ్ల తరబడి కిటికీ పక్కన కూర్చుంటే ఆ పక్క మొహం వేరేగా ముదురుతుందట. మరక ఎప్పుడు మొదలైంది, అంచు సాఫీగా ఉందా, రంగు ఒకటేనా, పెరిగిందా? ఇవి అడగమన్నాడు. రాయి.

తమ్ముడు


మే 2

ఒరేయ్ తమ్ముడూ,

నీ పరీక్ష కాగితం వచ్చిందా? పోస్టు అబ్బాయి సైకిల్ ఆగితే నా గుండె ఆగుతోంది. కొత్త గుడ్డ వేసిన టోపీ సరిపోయిందా? మధ్యాహ్నం దిగుతున్నారా? ఇక్కడ బడి బట్టలు నూట పది జతలు ఇంకా కోయనేలేదు. ఒక పిల్లాడి తల్లి వచ్చి, పిల్లాడు పెరుగుతాడని లాగు రెండంగుళాలు వదులుగా కుట్టమంది. కిందటేడూ అదే మాట చెప్పింది, పిల్లాడు పెరగలేదు.

నా మరక సంగతి వదిలెయ్. ఆవిరిదే. నాకేం, నీడలో కూర్చునేదాన్ని. నీ పెదవి ముందు.

అక్క


మే 9

అక్కా,

కాగితం వచ్చింది. క్యాన్సరే.

నిన్ను ఉత్తరం మధ్యలో వదిలేయను, వెంటనే మిగతాది చదువు. పైపైనే ఉందట, లోతుకి దిగలేదు, మెడలో ఏమీ లేదు. ఆ మేరకి కోసి కుట్టేస్తారు. తర్వాత మూడు నెలలకోసారి చూపించుకోవాలి. ‘ఇంకో ఏడాది ఆగి వస్తే వేరే మాట చెప్పేవాణ్ణి’ అన్నాడు డాక్టరు. నాన్న ఆగిన ఏడాదిన్నర గుర్తొచ్చి, ఆసుపత్రి మెట్లమీద కూర్చుండిపోయాను.

ఈ నెల ఇరవై ఆరున ఆపరేషన్.

ఇప్పుడు విను. నేను అడిగిన నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ నువ్వు జవాబు రాయలేదు. పిల్లాడి లాగు గురించి రెండు వాక్యాలు రాశావు. మానిపోతోందమ్మా అని నాన్న అన్నట్టే ఆవిరిదే అంటున్నావు. వారం వారం ఆ ఆసుపత్రికి వెళ్తావు. ఆ డాక్టరమ్మ ఎదుట గంటసేపు కూర్చుని నా గడ్డం గురించి మాట్లాడావు. నీ చెంప ఆవిడ ఎందుకు చూడలేదో నేను రెండు రోజులు ఆలోచించాను. నువ్వు ఎవరి దగ్గరైనా కుడి చెవి వాళ్లవైపు పెట్టి కూర్చుంటావు. నీ ఎడమ మొహం మేమెవ్వరం చూసి ఎన్నేళ్లయిందో. చూసేది ఒక్క కిటికీయే.

నీకు చూపించుకున్న చీటీ వస్తేనే నేను పెదవి మీద కత్తి పెట్టనిస్తాను. ఇది బెదిరింపే. నువ్వు నాకు పెట్టిన ఒట్లకంటే చిన్నదే.

తమ్ముడు


మే 16

తమ్ముడూ,

చీటీ ఇందులో పెట్టాను. తారీకు చూసుకో, ఆసుపత్రి ముద్ర చూసుకో. ఇరవై ఆరున నోరు మూసుకుని కోయించుకో.

నీ నాలుగు ప్రశ్నలకి జవాబులు. మొదలై మూడేళ్లు. అంచు సాఫీగా లేదు, కత్తెర పదును పోయాక గుడ్డ కోస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. రంగు ఒకటి కాదు, ఒక కొసన నల్లగా అవుతోంది. పెరిగింది. టేపు పెట్టి నేనే కొలిచేదాన్ని, ఆరు నెలలకోసారి. కొలతలు చాక్ డబ్బా మూత లోపల రాసి ఉన్నాయి. నాకు తెలుసురా. తెలిసే నీకు నీడ లెక్కలు చెప్పాను. నాన్న దగ్గర చూసిన ఆ సగం నాకు మళ్లీ చూసే ధైర్యం లేకపోయింది. నీ కోసమైతే భయపడగలను, నా కోసం నేను భయపడటం చేతకాలేదు.

డాక్టరమ్మ గదిలో ఎప్పటిలా కుడి చెవి ఆవిడవైపు వచ్చేలా కుర్చీ లాక్కోబోయాను. మళ్లీ దాన్ని ఇటు తిప్పి ఎడమ పక్క ఆవిడకి పెట్టి కూర్చున్నాను. ఆవిడ దీపం దగ్గరికి లాగి చాలాసేపు చూసింది. ఏదో అంది. వినబడలేదు. ఏమందో చూద్దామని తల తిప్పబోతే గడ్డం పట్టుకుని ఆపింది. అప్పుడే నాకు ఏడుపొచ్చింది. ముక్క తీసి పంపారు. కబురు రావడానికి రెండు వారాలు. లోతుకి దిగిందో లేదో అప్పటిదాకా తెలియదు.

బల్ల కిటికీ దగ్గరనుంచి జరిపాను. సూది కింద వెలుతురు చాలడం లేదు, దీపం పెట్టుకున్నాను. టోపీలోంచి విప్పిన వెండి పీలికలు మరదలు పారేసి ఉండకపోతే పంపమను. అతుకులేసి కిటికీకి కట్టుకుంటాను. ఈసారి మెరుపు బయటివైపుకి.

కుట్లు విప్పాక నువ్వు రా. నాకు భయంగా ఉంది, ఒక్కదాన్నే ఆ కాగితం విప్పలేను. వచ్చాక నా ఎడమవైపు కూర్చో. నువ్వేమన్నా నాకు వినబడదు, ఫరవాలేదు. చూస్తూ ఉండు, చాలు.

అక్క